సుభద్ర బొడ్లో తాళంచెవి

జూలై 3, తెనాలి
నవల తిరిగొచ్చింది. సంపాదకుడు గారు ఫోన్లో— "అన్నీ బాగున్నాయండి. సుభద్ర ఒక్కతే మనిషిలా లేదు. ఎప్పుడు చూసినా వడ్డిస్తూనే ఉంటుంది. అసలు ఆవిడకేం కావాలండీ?"
ఒళ్ళు మండింది. అమ్మ పోయాక రేపల్లెలో నన్ను పెంచిన పిన్నే నవల్లో సుభద్ర. మా పిన్ని మనిషిలా లేదట!

జూలై 4
పొద్దుటినుంచీ అదే... పిన్నికేం కావాలి? ఏ కూర ఇష్టం? తెలీదు. ఏ రంగు చీర? తెలీదు. నా ఇష్టాలు మాత్రం ఆవిడకి ఇప్పటికీ కంఠతా.

జూలై 6
సుభద్రకి కోపం తెప్పించి చూశాను. గిన్నె విసిరింది. వెంటనే తనే తెచ్చి బోర్లించింది. ఆ పేజీ కొట్టేశాను.

జూలై 9, బాపట్ల
పిన్ని ఇంటికొచ్చి ఆవిడనే అడిగేశాను. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ తలెత్తలేదు.
"ఏంటే, ఇన్నేళ్ళకి పుట్టిందా ఆ ప్రశ్న?"
కాయలన్నీ అయ్యాక— "రేపొకసారి రేపల్లె తీసుకెళ్తావా?"

జూలై 10, రేపల్లె
పాత ఇల్లు. ఎవరో అద్దెకుంటున్నారు. మా మెట్లు అలాగే ఉన్నాయి. చిన్నప్పుడు బడి నుంచి వస్తుంటే తలుపు దగ్గర పిన్ని, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ... ఏడుపొచ్చేసింది నాకు. పిన్ని మాత్రం ఇంటికేసి చూడనే లేదు. "పెనుమూడి పోదాం పద."
ఆటోలో వెళ్ళాం. ఇప్పుడక్కడ కృష్ణ మీద వంతెన. కింద పాత రేవు దగ్గర నిలబడి చెప్పింది.
"బందరులో నర్సు ట్రైనింగుకి రమ్మన్నారే. మీ నాన్న వద్దన్నారు. ఓ రోజు నువ్వు బడికెళ్ళాక, గుడ్డలు మూట కట్టుకుని ఇక్కడికొచ్చేశా. పడవెక్కబోతుంటే బొడ్లో చల్లగా తగిలింది, ఇంటి తాళంచెవి. నువ్వొచ్చి మెట్టు మీద కూర్చుంటావు కదాని..."
అంతే. వేరుశెనక్కాయలు కొనుక్కుంది.

అదే రోజు, బస్సులో
నాకా సాయంత్రం గుర్తుంది! తాళం వేసిన తలుపు. ఆకలి. చెమటలు కక్కుతూ వచ్చిన పిన్ని. వేడివేడి మినపరొట్టి, బెల్లం పానకం. అంత రుచి మళ్ళీ ఎరగను. నవల్లో నాకు ప్రాణమైన పేజీ అదే. పిన్ని కళ్ళు ఎర్రగా ఉన్నాయనీ రాశాను. పొయ్యి పొగ అని రాశాను.

జూలై 12, తెనాలి
పిన్ని ఫోను. "రాసుకుంటే రాసుకో. నీ సుభద్రనైనా పడవెక్కించవే."

జూలై 15
సుభద్ర నడుస్తోంది. నేను తొయ్యకుండానే... మూట చంకన పెట్టుకుని, వెనక్కి చూడకుండా. ఎంత బాగుందో! భయంగానూ ఉంది.

జూలై 16
ఒక కాలు పడవలో పెట్టింది. "ఎక్కండమ్మా" అంటున్నాడు పడవతను.
తాళంచెవి పక్కింటావిడకి ఇచ్చొచ్చినట్టు రాశాను. కొట్టేశాను. పిన్ని అలా ఇవ్వలేదుగా.
పిల్ల మెట్టు మీద కూర్చునుంది. ఆకలేస్తోంది దానికి.
ఎక్కు పిన్నీ— ఈ ఒక్క మాటా రాయాలి. చెయ్యి రావడం లేదు...