కొసరు పోసిన ఇంకు

మార్కాపురం.

పూజ్యులైన అత్తయ్య గారికి కోడలు హారిక నమస్కారాలు.

ఇక్కడ నేను, మీ అబ్బాయి క్షేమంగా ఉన్నాం. ఆయన తెల్ల చొక్కా ఒకటి మాత్రం క్షేమంగా లేదు, ఆ కథ కింద వస్తుంది. బళ్లారిలో మీరు, సుప్రియ వదిన, అన్నయ్య గారు, చంటిపిల్ల అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. పిల్లకు మీ ముక్కే వచ్చిందని వదిన చెప్పింది. మీ నోరు కూడా వస్తే ఇక బళ్లారి బజారులో ఎవరూ నిలవలేరు.

మీ ఉత్తరం అందింది. ఫోన్‌లో అన్న మాట గాలికి పోతుందని మీరు కాగితం మీదే అడుగుతారు కాబట్టి నేనూ కాగితం మీదే జవాబిస్తున్నాను. మాగాయ ఎండలో పెట్టాను. పాలావిడ నీళ్లు కలపడం మానలేదు, నేను పోట్లాడటం మానలేదు. కింద గీత గీసి మరీ అడిగారు కదా, ముందు గది గచ్చు మీద ఇంకు పడిందా అని. పడలేదు.

మామయ్య గారు పోయాక ఆ గదిలో మీరు ఒక్కరే నడిపిన నూనె దుకాణాన్ని మూసి, తాళం నా చేతిలో పెడుతూ అన్న మాట నేను మరిచిపోలేదు. "నేను పురుడు చూసుకొని వచ్చేసరికి నీ ఇంకు డబ్బాలు కారకుండా ఉంటే గది నీది. కారినాయంటే మాత్రం బాడుగకు ఇచ్చేస్తా" అన్నారు. ఆ రోజు నుంచి నాకు నిద్రలో కూడా మూతలే కనిపిస్తున్నాయి.

నేను చేసిన డబ్బా సంగతి మీకు తెలుసు. ప్రింటర్లలో పోసే ఇంకు అయిపోతే డబ్బా పారేయక్కర్లేదు. ఖాళీ డబ్బా బస్సులో వెనక్కి పంపితే నింపి పంపిస్తాను. మూత లేత్ మీద చేయించి లోపల రెండు రబ్బరు వాషర్లు పెట్టాను. ఒక డబ్బాను తలకిందులుగా దండేనికి కట్టి, కింద తెల్లగుడ్డ పరిచి రాత్రంతా వదిలేశాను. తెల్లారి గుడ్డ మల్లెపువ్వులా ఉంది. ఇక నా అంత ఇంజినీరు ఈ జిల్లాలోనే లేదనుకున్నాను.

మర్నాడు దోర్నాలలో నెట్ సెంటర్ నడిపే శ్యాంసన్‌కు పార్శిల్ పంపాను. సాయంత్రానికి ఫోన్ వచ్చింది. "ఏంది అక్కా ఇది, సంచి విప్పితే చేతులు మోచేతుల దాకా నల్లగా అయినాయి. ఇంకోసారి ఇట్ల కారితే నేను ఒంగోలు నుంచి తెప్పించుకుంటా" అన్నాడు. గిద్దలూరు వాళ్లూ అదే మాట. వాషర్లు మార్చాను, మూత గట్టిగా బిగించాను. మళ్లీ కారింది. వంటింట్లో కూర్చుని ఏడ్చాను అత్తయ్యా, దాచడం ఎందుకు.

అప్పుడు మీ అబ్బాయి డబ్బా ఒళ్లో పెట్టుకుని తనే దోర్నాల బస్సెక్కారు. తెల్లచొక్కా వద్దంటే వినలేదు. నల్లచొక్కాతో తిరిగొచ్చి, "బస్సు కుదుపులకు కాదే. దోర్నాలలో బస్సు ఎండలో ఆగినాది చూడు, అప్పుడు మొదలైనాది కారడం" అన్నారు.

అప్పుడు నాకు వెలిగింది. ఇంకు వృథా ఎందుకని ఇంట్లో పరీక్షకు సగం డబ్బానే పోశాను. దుకాణాలకు పంపేటప్పుడు మాత్రం మీరు నేర్పినట్టే మెడ దాకా నింపి, పైన కొసరు పోసి, మూత బిగించాను. వెలితి గిన్నె గడప దాటించకూడదని కదా మన ఇంటి పద్ధతి. మీ నూనె వీధి చివరి దాకా చేతిలో వెళ్లేది. నా ఇంకు మిట్టమధ్యాహ్నం బస్సులో వెళ్తోంది. ఎండకు ఉబ్బితే నిలవడానికి లోపల చోటు లేదు, అందుకే మూత సందున బయటికి వస్తోంది. కారుతున్నది నా మూత తప్పు వల్ల కాదు, మన కొసరు వల్ల.

అదే మూత పట్టే పొడుగు డబ్బాలు తెప్పించాను. కొలత తగ్గించలేదు, కొసరూ మానలేదు. రెండూ కలిపి ఎంత దాకా వస్తాయో అక్కడ గీత గీశాను. ఆ పైన ఖాళీ. ఇప్పుడు దోర్నాలకు, గిద్దలూరుకు, బేస్తవారిపేటకు ఎండన పడి వెళ్లినా సంచికి మరక లేదు.

ఇక చెప్పడానికి నోరు రాని సంగతి. మీ నూనె కొసరు ఎరిగినవాడే కదా, శ్యాంసన్ మళ్లీ ఫోన్ చేశాడు. "కారలేదులే అక్కా. కానీ డబ్బా వెలితిగా ఉంది. పెద్దమ్మ కూర్చున్న దుకాణంలో ఇట్ల పోసేది లేదే?" అన్నాడు. కొలిచి చూసుకోమంటే సరిపోయేది. కానీ నా నోట, "పెద్దమ్మే ఇట్ల పోయమన్నాది" అని వచ్చేసింది. అతను వెంటనే, "పెద్దమ్మ చెప్పినాదా, అయితే సరే" అన్నాడు. ఆ తర్వాత అడిగిన ప్రతి దుకాణానికీ అదే చెప్పాను. మిమ్మల్ని అడగకుండా మీ మాట వాడుకున్నాను. ఎంత సిగ్గుగా ఉందో చెప్పలేను.

అందుకే ఒకటి అడుగుతున్నాను. తప్పనిపిస్తే తిట్టండి, అందరికీ నేనే ఫోన్ చేసి నిజం చెబుతాను. గది బాడుగకు ఇచ్చేయండి, గచ్చు శుభ్రంగానే ఉంది. సరేననిపిస్తే మాత్రం జవాబులో ఒక తెల్లకాగితం మీద మీ చేత్తో ఇంత రాయండి: "గీత దాకా ఉంటే నిండినట్టే. కొసరు ఇందులోనే ఉంది. కోటిరత్నం." దాన్ని ఇక్కడ నా ఇంకుతోనే ప్రింటు తీసి ప్రతి డబ్బాకూ అంటిస్తాను. మన చుట్టుపక్కల ఏ దుకాణంలోనైనా మీ చేతిరాత చూశాక మళ్లీ కొలిచేవాళ్లు ఉండరు.

ఇట్లు,
గది తాళం ఇంకా కొంగున కట్టుకునే ఉన్న
మీ కోడలు,
హారిక