జగపతి ‘కాదు’ అన్న రోజు

జమ్మికుంట,
20-2-1990

సౌభాగ్యవతి ఇందిరకు అవ్వ ఆశీర్వదించి రాయునది. మీ బాపు మోకాలు తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. భైంసాలో నువ్వూ అల్లుడూ పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

“తమ్ముడు జగపతిని బయటికి పంపకు, మళ్ళీ పోలీసుల పాలవుతాడు” అని రాశావు. రోజూ పంపుతున్నాను బిడ్డా! వాడికి పద్దెనిమిదేళ్ళొచ్చినా బుద్ధి ఆరేళ్ళ దగ్గరే ఆగిందని నీకు తెలుసు. ఏమడిగినా ‘అవును’ అంటాడు. ఎవరిదో సైకిలు దొంగిలించావా అని పోలీసులు అడిగినప్పుడూ ‘అవును’ అనే చెప్పి, పదిహేనో ఏట బాలనేరస్థుల హోంలో ఎనిమిది నెలలున్నాడు. వచ్చాక నేనూ భయపడి గడప దాటనివ్వలేదు.

పత్తి యార్డులో హమాలీల మేస్త్రీ ఫజలుద్దీన్ ఒకరోజు వచ్చి, “నాకు అప్పజెప్పు అక్కా, ఫికర్ చేయకు” అన్నాడు. మచ్చపడ్డ పత్తి ఏరే పనిలో పెట్టాడు. పనికంటే ప్రశ్నలే ఎక్కువ. పచ్చబడిన పత్తి చూపించి “గిది మంచిదేనా? జర సూసి చెప్పు” అంటాడు. “నా గడ్డం నీదా?” అంటాడు. నెల తిరిగాక ఆ గడ్డం దగ్గరే మొదటి ‘కాదు’ వచ్చింది. ఆ రోజు ఫజలుద్దీన్ హమాలీలందరికీ చాయ్ పోయించాడు.

మొన్న పత్తి కొనిపించే ఒక అడ్తి దుకాణం గుమాస్తా ట్రాన్సిస్టర్ కనబడలేదు. వాడు జగపతి చొక్కా పట్టుకుని, “నువ్వే తీసినవు గదరా? జైలుకు పోయొచ్చినోనివి!” అని గద్దించాడు. జగపతికి సద్దన్నం తీసుకుని నేను అప్పుడే వెళ్ళాను. ముందుకు పోబోతే ఫజలుద్దీన్ ఆపాడు.

“ఆగక్కా, వాన్నే చెప్పనియ్యి.”

జగపతి గుమాస్తా వైపు చూశాడు. “కాదు. నేను తీయలే.”

గుమాస్తా మళ్ళీ గద్దించాడు. మళ్ళీ అదే మాట, ఈసారి యార్డంతా వినబడేలా! హమాలీలు పని ఆపి వాడి వెనక నిలబడ్డారు. వెతికితే ట్రాన్సిస్టర్ గుమాస్తా కూర్చునే చోట, పత్తి నింపిన బోరాల సందులోనే దొరికింది. “తప్పయింది తమ్మీ” అన్నాడు గుమాస్తా, మన జగపతితో!

ఇందిరా, నీకు ఇన్నాళ్ళూ చెప్పని మాట ఒకటుంది. వాడికి ‘అవును’ నేర్పింది నేనే. చిన్నప్పుడు చుట్టాల ముందు మొండికేస్తే నాకు తలకొట్టేసినట్టుండేది. అందుకే పెద్దలడిగినదానికి అవునంటే బెల్లం ముక్క పెట్టేదాన్ని. కాదంటే లేదు. బుద్ధిమంతుడని అందరూ మెచ్చుకుంటే మురిసిపోయాను. వాణ్ణి హోంకు పంపింది నా బెల్లమే బిడ్డా.

నిన్న కాకరకాయ కూర వడ్డిస్తూ “ఇంకింత ఏయాల్నా?” అన్నాను. కంచానికి చెయ్యి అడ్డం పెట్టి “వద్దవ్వా, చేదు” అన్నాడు. ఇన్నేళ్ళూ వాడికి ఇష్టమనుకునే వండాను ఆ కూర! వాణ్ణి పట్టుకుని ఏడ్చాను, నవ్వాను. లేచి డబ్బాలోంచి బెల్లం ముక్క తీశాను.

“కావాల్నా బిడ్డా?” అని అడిగాకే చేతిలో పెట్టాను.

ఇట్లు,
మీ ఇద్దరి అవ్వ,
జానకీబాయి