ఉడకబెట్టిన పట్టకారు

మావయ్యా,
నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను, నా ట్యూబులే మాట వినట్లేదు. డీఎన్ఏ ముక్కలతో కంప్యూటర్ కడుతున్నామని చెప్పాగా! తీగల్లేవు, కరెంటు లేదు. చుక్క నీళ్లలో ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, వదిలేస్తాయి. అదే దాని లెక్క. రేపెప్పుడో ఒంట్లో మందు మోసే బుల్లి యంత్రానికి ఎక్కడ తలుపు తియ్యాలో ఇదే చెప్పాలి. మేం కలిపే రెండు గుర్తులూ సరిపోతేనే ట్యూబు పచ్చగా వెలగాలి. నీ గడియారాల కొట్లోంచి సన్నమూతి పట్టకారు ఒకటి పంపవూ? ఇక్కడివన్నీ మొద్దువి.
నీ మేనకోడలు
తా.క. కొత్తది కొనకు. నువ్వు వాడేదే కావాలి.

అమ్మాయికి దీవెనలు.
పట్టకారు పంపాను. మూడుసార్లు ఉడకబెట్టి, కిరసనాయిలుతో తోమి, చేతులకి తొడుగులేసుకుని చుట్టాను. దానిమీద నాది ఏమీ ఉండదు. డీఎన్ఏ గురించి పేపర్లో నేనూ చదివాన్లే. గుర్తులు సరిపోకపోతే ఆ ట్యూబు ఊరుకుంటుందా, నలుగురికీ చెప్తుందా?
మావయ్య
తా.క. కవరు ఉమ్ముతో అంటించలేదు. జిగురు రాశాను.

మావయ్యా,
నీ పట్టకారు కంపుకి ల్యాబులో కిటికీలన్నీ తీశారు. తోమి తోమి మూతి వంకర చేశావు, పాపం అదేం చేసింది నిన్ను? ఇక్కడ ఇంకో గొడవ. గుర్తులు కలపకముందే ట్యూబు వెలిగిపోతోంది! సంబంధం లేని ముక్కేదో మధ్యలో దూరి, అంతా తనదే అన్నట్టు కూర్చుంది. అదేదో తేల్చేదాకా వదలను. శనివారంలోగా తేలకపోతే మా మేడం ఈ పనే ఆపేస్తానంది.
నీ మేనకోడలు
తా.క. ఆదివారం వస్తున్నా. నీతో మాట్లాడాలి.

అమ్మా,
నువ్వొచ్చేలోగా నేనే చెప్పేస్తాను. ఆ మధ్యలో దూరినవాణ్ణి నేనే. మీ అమ్మకి నేను తోడబుట్టినవాణ్ణి కాను. నాలుగేళ్లప్పుడు బస్టాండులో ఏడుస్తుంటే మీ తాతయ్య ఇంటికి తెచ్చాడు. మన రక్తం కలవదు, నా దగ్గర నీ ట్యూబు వెలగదు. నువ్విక మావయ్యా అని పిలవవేమోనని భయంగా ఉంది తల్లీ. ఎలా పిలిచినా పలుకుతాను.
గడియారాల కొట్టాయన
తా.క. వెలిగినా వెలక్కపోయినా ఆ పట్టకారు దాని దగ్గర పెట్టకు. కిరసనాయిలు.

మావయ్యా, మావయ్యా, మావయ్యా!
ఆ సంగతి అమ్మమ్మ నా పదో ఏటే చెప్పింది. నువ్వు బాధపడతావని నీ దగ్గర ఎత్తొద్దంది. ఆ ట్యూబులో ఉన్నది ఎవరి డీఎన్ఏ కూడా కాదయ్యా బాబూ! మేం అక్షరాల వరస రాసి పంపితే కంపెనీవాళ్లు తయారుచేసి, పొడిగా పంపుతారు. దానికి అమ్మా లేదు, నాన్నా లేదు. సరైన జత దొరికితే మాత్రం పట్టుకుని వదలదు.
నీతో మాట్లాడాలన్నది, అడక్కుండా మోగే అలారాన్ని ఎలా బాగుచేస్తావో అడుగుదామని. ఈలోపు ఆ కంపుకే గుర్తొచ్చింది, నువ్వు ముందు అన్నీ విప్పి కిరసనాయిల్లో కడుగుతావని. మేమూ ముక్కల్ని శుభ్రం చేశాం. తెగిన ముక్కలు, తప్పు ముక్కలు పోయాయి. శుక్రవారానికల్లా ట్యూబు దారికొచ్చింది. మేడం నవ్వింది కూడా!
నీ మేనకోడలు
తా.క. ఇంకో పట్టకారు పంపు. ఈసారి కడక్కు.