మహేంద్ర మాత్ర ఆపించొద్దు

నాయనా,

నేను బడికి వెళ్తున్నాను. తమ్ముడు మహేంద్ర లేవగానే మాత్ర నాలుక కింద పెట్టుకుంటాడు. అది కరిగేదాకా వాడిని పలకరించకు, కాఫీ ఇవ్వకు. తర్వాత ప్రొద్దుటూరులో కౌన్సెలింగ్‌కు నువ్వే తీసుకెళ్ళు. బయటే కూర్చో. లోపలికెళ్ళి నీతులు చెప్పకు.

“అదీ మత్తే గదమ్మే, ఎన్నాళ్లు ఏసుకుంటాడు?” అని నిన్న మళ్ళీ అడిగావు. డాక్టరు చాలనేదాకా వేసుకుంటాడు.

తమ్ముడిలాగే మత్తుసూదులకు అలవాటుపడిన అన్న ఇదే మాత్రతో మళ్ళీ మనిషయ్యాడు. నువ్వు బ్రహ్మంగారిమఠానికి తీసుకుపోయి, ఒట్టు వేయించి, ఆ మాత్ర ఆపించావు. “మావానితో మందు మాన్పిచ్చినా” అని రాజుపాలెమంతా చెప్పుకున్నావు. నువ్వు మాన్పించింది వైద్యం. తట్టుకోలేక వాడు మళ్ళీ సూది పట్టాడు. పాత మోతాదే ఎక్కించుకున్నాడు. అలవాటు తప్పిన ఒంటికి అది ఎక్కువై చనిపోయాడు. మత్తుకైనా వైద్యానికైనా మనం మందు అనే అంటాం కాబట్టి నువ్వు పొరపడ్డావని అత్త నిన్ను వెనకేసుకొస్తోంది. నేను వెనకేసుకురాను.

సుహాసిని

ఇంకొకటి. “ఆపేద్దునా నాయనా?” అని మహేంద్ర నిన్ను అడుగుతాడు. నీ మెప్పు కోసమే అడుగుతాడు. అన్న కూడా అందుకే ఆపాడు. వద్దని చెప్పు. నేను చెబితే వాడికి చాలదు.