పిట్టల కెమెరా

మహీధరన్నా, కెమెరా కోసం వెతకొద్దు. మార్చుకొని రావడానికి నేనే నంద్యాల అంగడికి తీసుకుపోతాండా. అన్నం, పప్పు వండి మూత పెట్టినా. నాయనకు వేళకు పెట్టు.

నాకేం కావాలో మూడుసార్లు చెప్పినా కదా! షెడ్డులో వెలుతురు తక్కువ, దగ్గర నుంచి తీస్తే ఉలి గీత కూడా కనపడాల అని. నువ్వు అంగడాయన మాట విని, కొండమీద పిట్టల్ని తీసే ఇంత పొడుగు లెన్సు తెచ్చినావు. ఎనిమిది రోజులు కూర్చుని రాతిలో చెక్కిన అమ్మవారి ముక్కుపుడక ఫొటోలో మసకబారింది. విగ్రహం చేయమన్న సున్నిపెంటాయన ఫొటో చూసి "ముఖమే సరిగా కనపడలే, వద్దులేమ్మా" అన్నాడు. ఆర్డరు పోయింది. చెక్కేది నేనైతే కెమెరా ఎంచేది నువ్వా?

వాసవి

వీధి అవతల నుంచి నువ్వు తీసిన నాయన ఫొటో మాత్రం బాగుంది. నువ్వు తీస్తాండేది తెలీక, ఉలి పట్టుకుని నవ్వుతాండాడు. దాన్ని చెరపలేదు. ప్రింటు తెస్తా.