కాలు చాపుకోమన్న మాట

జేజీ,

నువ్వు పోయినాక నీ మోకాలి చిప్ప నొప్పి నాకొచ్చింది. ప్రొద్దుటూరులో ఫిజియోథెరపీకి పోతాండా. ఈపొద్దు కాళ్లు బారజాపి, మోకాలి కింద చుట్టిపెట్టిన తువ్వాలను అదుముతాంటే, మీ బావ, మా నాయనకు పెద్దనాయన అయిన పెద్దజేజినాయన, అదే నొప్పితో ఆడికే వచ్చినాడు. గబుక్కున కాలు ముడుచుకున్యా.

"చాపుకో అబ్బీ, నొప్పికాడ మర్యాదేంది?" అని నవ్వినాడు.

ఆయన అరుగు మీద ఉంటాడనే గదా, బావ ముందర కాళ్లు చాపగూడదని, నువ్వు ఉక్కలో తలుపేసుకొని ఈ వ్యాయామమే చేస్తాంటివి? ఆడోళ్ల హక్కుల కరపత్రాలు చదివిన నేను, "తలుపు తీయ్, ఎవురికి భయం?" అని నీ మీదనే ఎగిరితి. అరుగు మీదికి పోయి ఆయన్ను మాత్రం అడగలేదు.

ఈపొద్దు తల దించుకొనే కాలు చాపినా. ఆపొద్దు నేనొక్క మాట అడిగింటే, నీకూ చాపుకోమనేవాడేమో జేజీ.