పిట్టంత ఎత్తులో

బాపూ,

నువ్వు పోయాక మన చెల్కను మొదటిసారి నేను దున్నించాను. ఈసారి కూడా తీతువు పిట్ట ఉత్త నేల మీద, రాళ్ల మధ్య నాలుగు గుడ్లు పెట్టింది. ట్రాక్టర్ తొక్కకుండా గుర్తుకని పక్కనే కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టాను. పెద్ద ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను కూడా.

మర్నాడు ట్రాక్టర్ నడిపే రాజన్న, "అక్కా, నీ కర్ర మీద కాకి కూసున్నది సూడు" అన్నాడు. అప్పటికే ఒక గుడ్డు లేదు.

నువ్వు దున్నే ముందు నేల మీద బోర్లా పడుకుని చూసేవాడివి. "పిట్టంత ఎత్తుల నుంచి సూడాలె బిడ్డా" అనేవాడివి. అంగీకి మట్టి అంటుతుందని నేను విసుక్కునేదాన్ని.

నేనూ పడుకుని చూశాను. అంత చెల్కలో ఎత్తుగా ఉన్నది నా కర్ర ఒక్కటే. కాకికి నేనే పీట వేశాను, బాపూ.

కర్ర పీకేసి, గుడ్లకు దూరంగా చుట్టూ మట్టిగడ్డలు పెట్టాను. "గింత జాగ ఇడుస్తవా?" అని గొణుగుతూనే రాజన్న పక్కనుంచి దున్నుకుపోయాడు.

ఈ పొద్దున మూడు పిల్లలు సాళ్లలో పురుగులు ఏరుకుంటున్నాయి. నన్ను చూసి తల్లి ఒకటే అరుపు. కదలకుండా బోర్లా పడుకున్నాను. కాసేపటికి ఊరుకుంది.

చీర మీద తొడుక్కున్న నీ అంగీ నిండా మట్టే.